దుప్పి నాకిన టర్కీ కోడి

ఆ రోజు పొద్దున్న ఎల్డన్ చేయవలసిన పని ఒక్కటే. వెనక వరండాలో, ఐసు పెట్టెలో, ఉప్పునీళ్లలో నానుతున్న టర్కీ కోడిని బయటికి తీసి, తుడిచి, పొట్టలో బ్రెడ్డు ముక్కల పూర్ణం కూరి, ఓవెన్‌లో పెట్టాలి. ఆ తర్వాత అప్పుడప్పుడూ లేచి దాని ఒంటికి వెన్న పుయ్యాలి. ఈ మాట అతని భార్య మేవిస్ రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున లేచాక ఒకసారి, ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతూ కారు అద్దం దించి ఇంకోసారి చెప్పింది.

"కోడి ఓవెన్‌లోకి వెళ్లేదాకా కిటికీలోంచి బయటికి చూడకు" అంది చివరికి.

ఎల్డన్ సంగతి ఆమెకి తెలుసు. అతనికి పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. వేసవంతా ఊపిరి సలపని పని. ఆకులు రాలిపోయాక మాత్రం మళ్లీ వసంతం వచ్చేదాకా అతని పనల్లా ఇంటిముందున్న సరస్సుని చూడటమే. ఇంకొకళ్లు టీవీ చూసినట్టు అతను సరస్సు చూస్తాడు. పొగమంచు ఎటునుంచి లేస్తోందో, ఒడ్డున పలచటి మంచుపెంకు ఎంతవరకు కట్టిందో చూస్తూ కూర్చుంటే కాఫీ చల్లారిపోతుంది, పొయ్యిమీది పాలు పొంగిపోతాయి, పిలిచిన మనిషి విసిగి వెళ్లిపోతాడు.

అలాంటివాడి చేతికి థాంక్స్‌గివింగ్ పండగ వంట అప్పగించడానికి ఎవరికైనా గుండె ధైర్యం కావాలి. కానీ మేవిస్‌కి ఆ రోజే డ్యూటీ పడింది. ఆ కబురు తెలియగానే ఎల్డన్ అక్క ఆర్డిస్ ఫోన్ చేసింది. ఆవిడ మాడిసన్ నగరంలో కొత్త ఇల్లు కొనుక్కుంది. రెండు ఓవెన్లు, తెల్లటి తివాచీలు, కూర్చుంటే ఎక్కడ నలుగుతుందో అని భయం వేసే సోఫా. పండగని ఆ ఇంటికి తరలించుకుపోవాలని ఆవిడకి ఎప్పటినుంచో ఉంది.

"నువ్వు వండుతావా? సరే, చూద్దాం. ఈసారి కుదరలేదనుకో, వచ్చే ఏటినుంచి అందరూ మా ఇంటికే. ఇక మాట మార్చేది లేదు" అంది.

ఎల్డన్‌కి నిద్ర పట్టలేదు. పండగ మాడిసన్‌కి వెళ్తే తండ్రి హెల్మర్ వెళ్లడు. జింకల వేట రోజుల్లో ఆయన్ని ఇంటి పక్కనున్న అడవినుంచి కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆయన ఒంటరిగా సాండ్‌విచ్ నములుతూ పండగ చేసుకుంటాడు. పోయిన అమ్మ ప్రతి ఏడూ కోడిని మోసుకొచ్చి పెట్టిన ఆ కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంటుంది. ఆ ఊహే ఎల్డన్‌కి భరించరానిదిగా ఉంది.

కాబట్టి అతను బుద్ధిమంతుడిలా కిటికీకి వీపు తిప్పి కాఫీ తాగాడు. సెలరీ కాడలు, ఉల్లిపాయలు సన్నగా తరిగి వెన్నలో వేయించాడు. సేజ్ ఆకు నలిపి వేశాడు. ఎండబెట్టిన బ్రెడ్డు ముక్కలు కలిపాడు. ఇల్లంతా అమ్మ వాసన నిండింది. ఓవెన్ వెలిగించి, చేతులు తుడుచుకుని, వరండాలోకి వెళ్లి ఐసు పెట్టె మూత తీశాడు.

లోపల రెండు పంది మాంసం సాండ్‌విచ్‌లు, నాలుగు ఉడికిన గుడ్లు, ఒక ఫ్లాస్కు ఉన్నాయి.

ఎల్డన్ మూత వేసి మళ్లీ తీశాడు. గుడ్లు అలాగే ఉన్నాయి.

అప్పుడు కలలో చూసినట్టు తెల్లవారుజాము గుర్తొచ్చింది. హెల్మర్ తుపాకీ తగిలించుకుని, మంచుబండి తాడు పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. దుప్పిని కొడితే లాక్కురావడానికి ఆ బండి. "నా ఐసు పెట్టె కాస్త ఎక్కించరా" అన్నాడు. వరండాలో రెండు నీలం పెట్టెలున్నాయి. నవంబరు వచ్చిందంటే ఆ ప్రాంతంలో ప్రతి వెనక వరండా ఫ్రిజ్జే కదా. ఆ సమయానికి సరస్సు మీద ఒక్క నక్షత్రం మిగిలి ఉంది. దాని నీడ నీళ్లలో వణుకుతోంది. ఎల్డన్ దాన్నే చూస్తూ చేతికందిన పెట్టె ఎత్తి బండిమీద పెట్టాడు. బరువుగా ఉందని తోచింది గాని, నాన్నకి ఆకలి ఎక్కువ అనుకున్నాడు.

ఫోన్ చేద్దామంటే హెల్మర్ ఫోను వంటింటి గట్టుమీదే ఉంది. దాని వాసన దుప్పులకి పడదని ఆయన నమ్మకం. ఇక వెళ్లక తప్పదు. కానీ వేట రోజుల్లో ఒంటిమీద నారింజ రంగు లేకుండా అడవిలోకి వెళితే ఎవరో ఒకరు దుప్పి అనుకుని కాలుస్తారు. ఇంట్లో ఉన్న ఒక్క నారింజ కోటూ హెల్మర్ వేసుకెళ్లాడు. ఎల్డన్ నాలుగు గదులూ వెతికి, చివరికి భోజనాల బల్ల దగ్గర ఆగాడు. మేవిస్ ఇస్త్రీ చేసి పరిచిన పండగ దుప్పటి కళ్లు చెదిరే నారింజ రంగులో మెరుస్తోంది. పళ్లేలన్నీ పక్కన పెట్టి, దాన్ని లాగి భుజాలమీద కప్పుకుని, ఓవెన్ ఆర్పి బయల్దేరాడు.

మంచు మొదలైంది. గాలి లేదు. పెద్ద పెద్ద రేకులు తొందరేమీ లేనట్టు దిగుతున్నాయి. బండి జాడ వెంట నడుస్తుంటే ఎల్డన్‌కి తన అడుగుల చప్పుడు కూడా వినిపించలేదు. దేవదారు చెట్లు తెల్లటి చేతులు చాచి నిలబడ్డాయి. ఎందుకొచ్చాడో రెండు మూడుసార్లు మరిచిపోయి, మళ్లీ గుర్తు చేసుకుని గబగబా నడిచాడు.

కొండమీద మంచె కనిపించింది. పైన హెల్మర్ తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కింద బండి, బండిమీద నీలం పెట్టె ఉన్నాయి. ఎల్డన్ నోరు తెరిచేలోగా హెల్మర్ వేలు పెదవిమీద పెట్టుకుని, కూర్చోమని సైగ చేశాడు. మంచె దగ్గర మాట్లాడటమంటే చర్చిలో ఈల వేసినట్టు. చిన్నప్పటి భయం ఎల్డన్‌ని పడిపోయిన మొద్దు వెనక కూర్చోబెట్టేసింది. అక్కణ్నుంచే చేతులు రెక్కల్లా ఆడించి, పొట్టలో ఏదో కూరుతున్నట్టు అభినయించాడు. కొడుక్కి కడుపునొప్పి వచ్చిందనుకుని హెల్మర్ జాలిగా తల ఊపాడు.

అప్పుడు వచ్చింది దుప్పి. పొగమంచులోంచి ముందు కొమ్ములు వచ్చాయి, తర్వాత అది వచ్చింది. అంత పెద్ద దుప్పిని ఎల్డన్ ఎన్నడూ చూడలేదు. అది తిన్నగా పెట్టె దగ్గరికి నడిచింది. దారిలో చిందిన ఉప్పునీళ్లు మూతమీద గడ్డకట్టి ఉన్నాయి. దుప్పి తల వంచి, కళ్లు అరమోడ్చి, వాటిని నాకడం మొదలెట్టింది. దాని వీపుమీద మంచు రాలుతోంది. ముక్కులోంచి ఆవిరి లేస్తోంది. ఎల్డన్‌కి కోడి లేదు, పండగ లేదు, అక్క లేదు. ఆ నాలుక చప్పుడొక్కటే ఉంది. పైన హెల్మర్ తుపాకీ ఎత్తాడు గాని, గురికి సరిగ్గా వెనకాల నారింజ దుప్పట్లో కొడుకు ఉన్నాడు. దించేశాడు.

పైనున్న ఉప్పు అయిపోగానే దుప్పి లోపలిది కావాలంది. ముక్కుతో మూతని నెట్టింది. కొమ్ములు పెట్టె పిడిలో ఇరుక్కున్నాయి. అది బెదిరి తల విదిలించింది. పెట్టె గాల్లోకి లేచి బోర్లా పడింది. దుప్పి ఒక్క గెంతులో మాయమైంది. టర్కీ కోడి మాత్రం బయటికి వచ్చి, తనకీ ఓ దారి ఉందన్నట్టు వాలు వెంట దొర్లడం మొదలెట్టింది.

తడి ఒంటికి మంచు అతుక్కుంది. దొర్లేకొద్దీ కోడి లావెక్కింది. సగం దూరం పోయేసరికి అది కోడిలా లేదు, పిల్లలు చేసే మంచు బొమ్మకి పొట్టలా ఉంది. ఒడ్డు దాటి, సరస్సు మీది పలచటి మంచుపెంకు మీదికి జారి ఆగింది.

హెల్మర్ మంచె దిగి వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. చాలాసేపు కిందికి చూశాడు.

"నా వేట పోయిందిరా. పోనీ నీదన్నా పట్టుకుందాం పద" అన్నాడు.

ఎల్డన్ మంచుబండిమీద బోర్లా పడుకున్నాడు. హెల్మర్ ఒడ్డున తాడు పట్టుకుని మెల్లగా వదిలాడు. కింద పెంకు పటపటమంది. ఎల్డన్ దుప్పటి విసిరి, కోడిని అందులో చుట్టి లాక్కునేసరికి ఒక చెయ్యి మోచేతిదాకా నీళ్లలో మునిగింది. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే అతను ఆ రోజు మొదటిసారి పూర్తిగా మెలకువలోకి వచ్చాడు.

ఇంటికి చేరేసరికి వాకిట్లో ఆర్డిస్ కారు ఉంది. పొద్దుటే వచ్చి తమ్ముడికి సాయం చేద్దామనుకుందట. సాయమంటే తనిఖీ. మెట్లమీద నిలబడి, మంచు ముద్దని బండిమీద లాక్కొస్తున్న తండ్రినీ, తడిసిన తమ్ముణ్నీ, ముద్దమీద కప్పిన దుప్పటినీ మార్చి మార్చి చూసింది.

"అదేంటి?"

"టర్కీ కోడి" అన్నాడు ఎల్డన్.

"అది అడవిలోంచి ఎందుకొస్తోంది?"

ఇప్పుడు నిజం చెప్పడమంటే పండగని స్వయంగా ఎత్తి ఆవిడ కారులో పెట్టడమే. ఎల్డన్ జీవితంలో అబద్ధం చెప్పినవాడు కాదు. ఓపిక లేక. "మంచులో దొర్లించాం. తోలు బిగుస్తుందని" అన్నాడు. తన గొంతు ఎవరిదో లాగా ఉంది.

"ఎవరు చెప్పారు నీకు?"

ఎల్డన్ దగ్గర రెండో అబద్ధం సిద్ధంగా లేదు. ఆ ఖాళీలోకి హెల్మర్ టోపీ తీసి నింపాదిగా అడుగుపెట్టాడు.

"మీ అమ్మ మొదట్లో అలాగే చేసేదమ్మా. నువ్వు పుట్టకముందు. పిల్లలు పుట్టాక ఇక తీరిక లేక మానేసింది."

ఆర్డిస్ మెట్లు దిగి ముద్ద దగ్గరికి వచ్చింది. ఈ ఇంట్లో తనకి తెలియనిది ఏదైనా ఉందంటే అది తను పుట్టకముందుదే. ఎంత ఎత్తునుంచి దొర్లించాలి అని అడిగింది. మంచె దగ్గర్నుంచి అన్నాడు హెల్మర్. అంతకుముందు దుప్పి చేత పెట్టె నాకిస్తే మరీ మంచిదన్నాడు. ఎల్డన్ కోడిని తీసుకుని వంటింట్లోకి పారిపోయాడు. అమ్మ పేరు అలా అబద్ధంలో కలిసిపోవడం అతనికి నచ్చలేదు.

కోడి మంచు కరిగి, తుడుచుకుని, పూర్ణం నింపుకుని ఓవెన్‌లోకి వెళ్లేసరికి మామూలుగా అయితే తినడం మొదలుపెట్టే వేళయింది. అప్పుడే మేవిస్ వచ్చింది. వెలిసిన రంగులో ఉన్న కోడిని ఓవెన్ అద్దంలోంచి చూసింది. తడిసిన దుప్పటి చూసింది. మొగుడి చొక్కా చెయ్యి పిండి చూసింది. "కిటికీలోంచి చూశావా?" అని మెల్లగా అడిగింది. ఎల్డన్ తల అడ్డంగా ఊపాడు. అతను చూసింది కిటికీలోంచి కాదు మరి.

ఇక వేచి ఉండటమే మిగిలింది. మామూలుగా ఆ ఇంట్లో పండగంటే గబగబా తినడం, గిన్నెలు కడగడం, చీకటి పడకముందే మాడిసన్ కారెక్కడం. ఈసారి చెయ్యడానికి ఏమీ లేదు. వెన్న, సేజ్ ఆకు వాసన గదుల్లో మెల్లగా తిరుగుతోంది. బయట మంచు పడుతూనే ఉంది. ఆర్డిస్ భర్త గ్లెన్ కుర్చీలో ఒరిగి నిద్రపోయాడు. హెల్మర్ పొయ్యి దగ్గర బూట్లు విప్పి కళ్లు మూసుకున్నాడు. మేవిస్ డ్యూటీ బట్టల్లోనే సోఫామీద కునికింది. ఎవరో నిద్రలో నవ్వారు.

ఆర్డిస్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. కప్పు చల్లారిపోయింది. అయినా కదల్లేదు.

"అవతలి ఒడ్డు కనిపించడం లేదురా" అంది ఎప్పటికో.

"ఇంకాసేపట్లో కనిపిస్తుంది" అన్నాడు ఎల్డన్. అక్కాతమ్ముళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి, అది కనిపించేదాకా చూశారు. అతను వెన్న పుయ్యడం మరిచిపోయిన ప్రతిసారీ ఆవిడే వెళ్లి పూసి వచ్చింది.

దీపాలు వెలిగించే వేళకి కోడి బయటికొచ్చింది. తోలు తేనె రంగులో బిగిసి, కత్తి పెడితే కరకరమంది. లోపలి మాంసం ముట్టుకుంటే ఊడి వచ్చేలా ఉంది. పూర్ణం చెంచాతో తవ్వి తీస్తుంటే ఆవిరి ముఖాలకి తగిలింది. గ్లెన్ మూడోసారి పళ్లెం చాచాడు. ఏ పండగకీ ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, బాగుందన్నాడు.

ఆర్డిస్ చెంచా కింద పెట్టింది. ఎల్డన్ నమలడం ఆపేశాడు.

"వచ్చే ఏడు సంగతి చెప్పాలి. మా ఇంట్లో కుదరదు" అంది ఆవిడ, ఎవరి ముఖమూ చూడకుండా. "వెనకాల అంతా కార్లు పెట్టుకునే స్థలం. కొండ లేదు, మంచె లేదు. అమ్మ చేసినట్టు చెయ్యాలంటే ఇక్కడే చెయ్యాలి. నేను ముందురోజే వస్తాను, నాక్కూడా నేర్పండి."

ఎల్డన్ కళ్లు చెమర్చాయి. గెలిచాడు. కానీ అక్క అమ్మ మాట ఎత్తిన తీరు చూశాక నిజం దాచుకోవడం అతని వల్ల కాలేదు. "అక్కా, అసలేం జరిగిందంటే" అని మొదలెట్టాడు. మేవిస్ పెద్ద చెంచాడు పూర్ణం అతని నోట్లో కుక్కింది. అది నమిలి మింగేలోపు హెల్మర్ రెండో కోడికాలు గురించి మాట తీశాడు. నిజం చెప్పడానికి మళ్లీ వీలు చిక్కలేదు.

మరుసటి నవంబరులో ఆర్డిస్ అన్న మాట ప్రకారం ముందురోజే వచ్చి, కొత్త నారింజ కోటు వేసుకుని, కోడిని తనే మంచె దగ్గరికి లాక్కెళ్లింది. ఎల్డన్ దాన్ని దొర్లించాడు, సరస్సులో చెయ్యి ముంచి తీశాడు. అక్క పట్టుబట్టింది, అది కూడా పద్ధతిలో భాగమేనట. హెల్మర్ మాత్రం పండగ పూట మంచె ఎక్కేటప్పుడు తుపాకీ ఇంట్లోనే వదిలేస్తున్నాడు. వంటవాణ్ని కాల్చడం ఏ ఇంట్లోనూ మర్యాద కాదు.