మంత్రిగారి తరఫున తగ్గిన బరువు

"ప్రజల బరువు తగ్గించే ముందు నా బరువు తగ్గించుకుంటాను" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున, ఆ హాల్లో చప్పట్లు కొట్టనివాడు లేడు. ప్రభుత్వాసుపత్రిలో, మామూలు రోగిలా, మామూలు మంచం మీద ఆయన పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటారట. రాజ్యాలు వదులుకున్న మహానుభావుల గురించి విన్నాను గానీ, పొట్ట వదులుకుంటానన్న నాయకుణ్ని నేనెరగను. ఆ ఆపరేషన్‌ను థియేటర్లో నిలబడి కళ్లారా చూసిన బయటివాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి ఇది రాసే హక్కు నాదే.

నేను అక్కడికి వెళ్లింది మా చెల్లెలి కోసం. అది టైలరు. కొట్టు మేడమీద. ఒళ్లు పెరిగి, షుగరు వచ్చి, మోకాళ్లు మొరాయించి, ఆ మెట్లెక్కలేక ఏడాదిగా కుట్టుమిషను మొహం చూడలేదు. కాళ్లరిగేలా తిరిగి ఆపరేషన్‌కి తారీఖు సంపాదించుకుంది. మంత్రిగారి త్యాగానికీ సరిగ్గా ఆ తారీఖే కుదిరింది. "నీకు మళ్లీ ఎప్పుడో చెబుతాం" అన్నారు ఆసుపత్రివాళ్లు. ఆ 'ఎప్పుడో' ఏ క్యాలెండరులో ఉంటుందో చెప్పలేదు.

సర్జనుగారు మంత్రిగారికి ఆపరేషన్ రకాలు వివరిస్తున్నప్పుడు తలుపు తెరిచే ఉంది. మేం బయట బల్లమీద ఉన్నాం.

మొదటిది, పొట్ట పైభాగాన పట్టీ బిగించడం. వద్దనుకుంటే తర్వాత తీసేయొచ్చు.

"పొత్తులాంటిదన్నమాట" అన్నారు మంత్రిగారు. "నమ్మడానికి లేదు. ఇంకోటి చెప్పండి."

రెండోది స్లీవ్. పొట్టలో ముప్పాతికకు పైగా కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. పోయింది తిరిగి రాదు. "బట్ట ఎక్కువైతే కత్తిరించడమే మేలు అన్నయ్యా, నేను అదే అడిగాను" అని మా చెల్లెలు నా చెవిలో చెప్పింది. మంత్రిగారికి మాత్రం నచ్చలేదు. ఒకసారి తన లోపలికి చేరినదాన్ని వదులుకున్న అనుభవం ఆయనకు లేదు.

మూడోది బైపాస్. పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. తిన్నది సగం దారి తప్పించుకుని కిందికి జారిపోతుంది. ఒంటికి పట్టేది తక్కువ.

"మా శాఖ నిధుల్లాగే" అన్నారు మంత్రిగారు ప్రసన్నంగా. "అలవాటైన పద్ధతి. అదే కానివ్వండి."

తర్వాత సర్జనుగారు జాగ్రత్తలు చెప్పారు. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ద్రవాహారమే. లేకపోతే లివరు తగ్గదు, అది తగ్గకపోతే పొట్ట అందదు. ఆపరేషన్ అయ్యాక చెంచాల లెక్కన తినాలి. కొన్నాళ్లు జుట్టు రాలవచ్చు. విటమిన్ మాత్రలూ పరీక్షలూ జీవితాంతం. అశ్రద్ధ చేస్తే పోయిన బరువు తిరిగొస్తుంది. మంత్రిగారు శ్రద్ధగా విని, పక్కనున్న పి.ఏ. వైపు తిరిగారు.

"విన్నావుగా. రేపట్నుంచి మొదలుపెట్టు."

మంత్రిగారి పని పద్ధతే అంత. పరామర్శకి పి.ఏ. వెళతాడు. రిబ్బను పి.ఏ. కత్తిరిస్తాడు. ఒకసారి ఎవరో మంత్రిగారిని తిట్టారని పి.ఏ. వెళ్లి బాధపడి వచ్చాడు. అలాగే రెండు వారాలు గంజినీళ్లు తాగి చిక్కి శల్యమయ్యాడు. మా చెల్లెలు కూడా తాగింది. తారీఖు పోయిందిగా, నీకెందుకే ఈ కడుపుమాడ్పు అంటే, "పిలిస్తే కడుపు సిద్ధంగా ఉండాలి కదా" అంది. ఆపరేషన్ రోజు పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి బల్లమీద కూర్చుంది కూడా.

లోపల స్కానింగు చేసి సర్జనుగారు నొసలు చిట్లించారు. "లివరు ఏమాత్రం తగ్గలేదు సార్. ద్రవాహారం తీసుకోలేదా?"

మంత్రిగారు పి.ఏ.ని నిలదీశారు. "ఏమయ్యా, తాగలేదా?"

"రెండు వారాలూ తాగాను సార్. ఒట్టు."

అనుమాన నివృత్తికి అతణ్నీ స్కాన్ చేశారు. అంత ముద్దొచ్చే లివరును ఈమధ్య చూడలేదన్నారు సర్జనుగారు. కానీ అతనిలో కోయడానికి ఏమీ మిగల్లేదు. కింద చూస్తే విలేకరులు. ఆపరేషన్ జరగక తప్పదు.

"బయట ఒకావిడ ఉంది సార్. ఆవిడ నిజంగానే తాగింది" అన్నారు సర్జనుగారు.

మంత్రిగారు క్షణం ఆలోచించారు. "కానివ్వండి. ప్రజలూ నేనూ వేరా?"

ఆపరేషన్‌ను థియేటర్లో నిలబడి చూశానన్నాను కదా. నన్ను లోపలికి రానివ్వలేదు. బల్లమీదే కూర్చున్నాను. కూర్చున్నానంటే, నిద్రపోయాను. మంత్రిగారు పక్కగదిలో భోంచేస్తున్నారు. సాయంత్రం బులెటిన్ వచ్చింది: "ఆపరేషన్ విజయవంతం. రోగి క్షేమం." అందులో ఒక్క అబద్ధం చూపించండి.

అది మొదలు మా చెల్లెలి బరువు మంత్రిగారి బరువైంది. పి.ఏ. వారంవారం మాత్రలు పట్టుకొచ్చి, దాన్ని తూచి, ఆ అంకెను పత్రికలకిచ్చేవాడు. దాని జుట్టు రాలితే, మంత్రిగారికి జుట్టు రాలుతోంది, ఆందోళన అక్కర్లేదని ప్రకటన వచ్చింది. మంత్రిగారిది ఏనాటి నుంచో బట్టతల. అయినా అభిమానులు ఆందోళన పడ్డారు. ఒక వారం ముల్లు కదలకపోతే పార్టీలో కలకలం రేగింది. పి.ఏ. పరుగెత్తుకొచ్చాడు.

"ఏం తిన్నావమ్మా?"

"మంత్రిగారేం తిన్నారో ముందు కనుక్కో నాయనా."

నలభై కిలోలు తగ్గిన శుభసందర్భాన సన్మానసభ పెట్టారు. వేదిక మీద పెద్ద తూకపు యంత్రం. ముందు పలక మీద మంత్రిగారు నిలబడతారు. అసలు పలక తెర వెనక, దానిమీద మా చెల్లెలు. సభకి ముందు అది మంత్రిగారిని ఒకే ఒక్కమాట అడిగింది.

"వచ్చే నెల నుంచి నా మాత్రలూ పరీక్షలూ ఎవరు చూస్తారండీ?"

"సభ అయ్యాక చూద్దాం."

మా చెల్లెలు కొట్టులోంచి తెచ్చుకున్న ఇస్త్రీపెట్టె పట్టుకుని పలకెక్కింది. ముల్లు గిర్రున పైకి లేచింది. సన్మానపత్రం చదువుతుండగానే మంత్రిగారు ఐదు కిలోలు పెరిగారు. పి.ఏ. తెర వెనక్కి దూకి, దాని చేతిలో చెయ్యేసి, జీవితాంతం మాత్రలని ఒట్టేశాడు. మా చెల్లెలు ఇస్త్రీపెట్టె కింద పెట్టింది. చూస్తుండగానే వేదిక మీదే ఐదు కిలోలు తగ్గిన నాయకుణ్ని చూసి జనం లేచి నిలబడ్డారు.

ఇప్పుడు మా చెల్లెలు రోజూ మెట్లెక్కి కొట్టు తీస్తోంది. మొన్న పి.ఏ. మంత్రిగారి చొక్కాలు తెచ్చి, పక్కలు విప్పి వదులు చేయమన్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. తూకపు యంత్రం. దాంతోపాటు తెర, ఇస్త్రీపెట్టె, పి.ఏ. ఒట్టు. అక్కడ యంత్రమేమీ లేదు. మంత్రిగారు రెండు కుర్చీలు కలిపి వేయించుకుని కూర్చుని, "నలభై కిలోలు తగ్గాను" అన్నారు. అందరం ఆయన్నే చూస్తూ చప్పట్లు కొట్టాం.

మా చెల్లెలు అడిగిన మాట నిజం. ఆయన చెప్పిన జవాబూ నిజమే. సభ అయిపోయిందని మాత్రం ఇంకా ఎవరూ ప్రకటించలేదు.