డబ్బా పక్కన రెండు బిస్కెట్లు

ఫ్రిజ్ తలుపు మీద అతికించిన కాగితంలో, మేష్టారి గుండ్రటి చేతిరాతతో, ఆ ఆదివారం చేయవలసిన పనులు ఇలా ఉన్నాయి:

ఆసుపత్రి సంచి సర్దాలి.
బిడ్డ బట్టలు రెండుసార్లు ఉతికి ఆరేయాలి.
ఆమె మాత్రలన్నీ ఒకే డబ్బాలో పోయాలి.
తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు దిద్దాలి.
తొట్టి మంచం మేడ మీదికి చేర్చాలి. బావగారిని పిలవకూడదు.

చివరి మాట కింద రెండు గీతలు ఉన్నాయి. రెండో గీత దగ్గర కాగితం చిరిగింది.

మేష్టారు బడిలో సైన్సు చెబుతారు. వాళ్ళ వంశంలో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి ఆయనే. అందుకని ఇంట్లో ఏ వస్తువు పాడైనా అందరూ ముందు ఆయన వైపు చూస్తారు. ఆయన చెయ్యి వేశాక మెకానిక్ వైపు చూస్తారు.

భార్య దర్జీ. వీధి గదిలో కుట్టుమిషను, గోడకి కత్తెర్లు, అరనిండా బొత్తాల డబ్బాలు. ఆమె కంటికి టేపు అక్కర్లేదు. గుమ్మంలోకి అడుగుపెట్టిన మనిషి కుర్చీలో కూర్చునేలోపే నడుము కొలత చెప్పేస్తుంది. పెళ్ళయి నాలుగేళ్ళయినా మేష్టారు ఈ సంగతి అప్పుడప్పుడూ మరిచిపోతుంటారు.

ఇక బావగారు ఆమె అన్న, వడ్రంగి. తొట్టి మంచం చేసి ఇచ్చింది ఆయనే. పైకి ఎక్కించేటప్పుడు కబురు చెయ్యమని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. కానీ మేష్టారు బిగించిన పుస్తకాల అర వారం తిరక్కుండానే ఊడి పడినప్పటి నుంచీ బావగారు ఆయన్ని 'ఇంజినీరుగారూ' అని పిలుస్తున్నాడు. ఒక తండ్రి తన బిడ్డ మంచాన్ని తను మోసుకోలేడా అని మేష్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

మోశారు. పదిహేడు మెట్లలో పద్నాలుగు మెట్లు నిర్విఘ్నంగా ఎక్కారు. పదిహేనో మెట్టు మీద మంచం గోడకి తగిలింది, గోడ మేష్టారిని నెట్టింది, ఎడమ మడమ లోపలికి తిరిగి టక్కుమంది. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. ఆ చుక్కల మధ్యనే మంచం పైకి చేరింది.

ఏమిటా చప్పుడని కింద నుంచి భార్య అడిగింది. మంచం బోల్టని మేష్టారు చెప్పారు.

నిజం దాచడానికి బావగారి వెటకారం ఒక్కటే కారణం కాదు. నెలలు నిండి, చెప్పిన తేదీ కూడా దాటిపోయింది. నొప్పులు వాటంతట అవి రాకపోతే శనివారం వచ్చి చేరమని డాక్టరమ్మ చెప్పింది. కాన్పు గదిలోకి ఒక్కరినే తోడు రానిస్తారు. ఆ ఒక్కరూ ఆమెని పట్టుకుని వరండాలో నడిపించగలిగేవాళ్ళై ఉండాలి. 'నా పక్కన మీరే ఉండాలి' అని ఆమె ఆ రోజే అడిగింది. మేష్టారు మాట ఇచ్చారు. ఇప్పుడు కాలు బెణికిందని తెలిస్తే తన చోటు ఆమె వదినగారికి, అంటే బావగారి భార్యకి పోతుంది.

అందుకని మందుల షాపులో నొప్పి మాత్రలు కొన్నారు. దాచడానికి చోటు వెతికారు. జేబులో పెడితే ఉతికేముందు సుద్దముక్కల కోసం భార్య తిరగేసి చూస్తుంది. బడి సంచిలో పెడితే క్యారేజీ తీసేటప్పుడు కనిపిస్తాయి. ఆలోచించగా ఆలోచించగా ఆయన బుర్రలో దీపం వెలిగింది. మాత్రల మధ్య మాత్రలు ఎవరు వెతుకుతారు? రేకు చప్పుడు కాకుండా బడిలోనే అన్నీ ఊడదీసి తెచ్చి, ఆమె మాత్రల డబ్బాలోనే పోసేశారు. ఆమె ఐరన్ మాత్రలు ముదురు ఎరుపు, పొడుగు. తనవి లేత ఎరుపు, గుండ్రం. తేడా తనకి తెలుసు, అది చాలనుకున్నారు.

నొప్పి మాత్ర అద్భుతంగా పనిచేసింది. అరగంటలో మడమ తనది కాదన్నట్టు ఊరుకుంది. ఆ ధైర్యంతో మేష్టారు కుంటకుండా నడిచారు, బడిలో పిల్లల చేత కవాతు చేయించారు. మంగళవారానికి మడమ బన్నులా పొంగింది. కడుపులో మాత్రం సన్నగా మంట మొదలైంది.

విచిత్రం ఏమిటంటే, ఆ రోజు నుంచే మాత్రల డబ్బా పక్కన ఒక సాసర్లో రెండు బిస్కెట్లు కనిపించసాగాయి. భార్య తిని మిగిల్చినవి కాబోలనుకుని మేష్టారు దొంగతనంగా నోట్లో వేసుకున్నారు. మాత్ర దిగింది, మంట కొంచెం తగ్గింది. సాయంత్రం ఆమె బిస్కెట్లేమయ్యాయని అడిగితే నేరం ఎలుక మీదికి నెట్టారు.

"పాపం, దానికి ఆకలేస్తున్నట్టుంది" అని ఆమె మర్నాడు మళ్ళీ రెండు పెట్టింది.

గురువారం రాత్రి భోజనాల దగ్గర, శనివారం తనకి పెట్టబోయే జెల్ ఏమిటని భార్య అడిగింది. మేష్టారు కంచం పక్కకి జరిపి పాఠం మొదలుపెట్టారు. మామూలు హార్మోన్లు ఒక గ్రంథిలో పుట్టి, రక్తంలో పడి, ఒళ్ళంతా ఊరేగుతాయి. ఇవి అలా కాదు. ప్రతి కణానికీ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. అవసరం పడగానే అందులోంచి కాస్త కొవ్వు ఆమ్లం తీసుకుని అక్కడికక్కడే తయారవుతాయి. పక్క కణాలకి కబురు చెప్పి, నిమిషాల్లో కరిగిపోతాయి. వాటిని ప్రోస్టాగ్లాండిన్లంటారు. కాన్పుకి ముందు గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరిచేవీ, నొప్పులు రప్పించేవీ అవే. ఆలస్యమైతే జెల్ రూపంలో పెడతారు.

"అంటే గోడ మీద నుంచి పిలిచి పక్కింటావిడకి కబురు చెప్పడంలాంటిదన్నమాట. ఉత్తరం రాయడం కాదు."

పదిహేనేళ్ళ సర్వీసులో ఇంత చక్కటి పోలిక తనకి తట్టలేదని మేష్టారు లోపల్లోపల కొంచెం నొచ్చుకున్నారు.

"మరి ఏ కాలో బెణికిందనుకోండి. అక్కడ వాపు, నొప్పి తెచ్చేవి కూడా ఇవేనా?"

మేష్టారికి పొలమారింది. అవునని తల ఊపారు. ఆమె మంచినీళ్ళు అందించి, మాత్ర వేసుకుంటే ఏమవుతుందని అమాయకంగా అడిగింది. ఆ కబురు తయారవకుండా మాత్ర ఆపేస్తుందని, అందుకే నొప్పి తెలియదని మేష్టారు గ్లాసులోకి చూస్తూ చెప్పారు. పొట్ట లోపలి పొరని కాపాడేది కూడా అదే కబురని, మాత్రకి కాలేదో పొట్టేదో తెలియదని మాత్రం చెప్పలేదు. ఆ సంగతి ఆయన పొట్టకి బాగా తెలుసు.

శనివారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళారు. జాబితా ప్రకారం మేష్టారు సర్దిన సంచిలో బిడ్డ బట్టలు, తువ్వాళ్ళు, మాత్రల డబ్బా, దిద్దని జవాబు పత్రాలు ఉన్నాయి.

కాన్పుల వార్డులో పెద్ద సిస్టర్‌ని అందరూ గడియారం సిస్టర్ అంటారు. తెల్ల కోటు మీద గుండె దగ్గర చిన్న గడియారం తగిలించుకుని ఉంటుంది. ఆమెకొక అలవాటు. ఏ మందులు వాడుతున్నారో రాసి తెస్తే చదవదు. "చూపించండి" అంటుంది. తెచ్చిన మందులన్నీ స్టీలు ట్రేలో పోసి ఒక్కొక్కటీ వేలితో జరుపుతుంది. దానివల్ల వరస కదలదని వెనకవాళ్ళు గొణుగుతుంటారు.

భార్యని లోపలి గదిలో పడుకోబెట్టి, బిడ్డ గుండె చప్పుడు వినడానికి పొట్టకి బెల్టు కట్టారు. బయట బల్ల దగ్గర మేష్టారు డబ్బా అందించారు. సిస్టర్ మూత తీసి గలగలా పోసింది. ముదురు ఎరుపువి ఒక పక్కకి జరిపింది. లేత ఎరుపువి ఐదు మిగిలాయి. ఒకటి వెలుగులో తిప్పి, దాని మీద అక్షరాలు చదివింది.

"ఇవి ఆవిడ వేసుకుంటున్నారా?"

మేష్టారు నోరు తెరిచారు. తనవని చెబితే కాలు చూస్తారు. కాలు చూస్తే బయటికి పంపేస్తారు. ఇచ్చిన మాట పోతుంది.

సిస్టర్ గొంతు పెంచలేదు. "కడుపులో బిడ్డ ఊపిరితిత్తులతో పనిలేకుండా ఉంటుంది. అందుకని గుండె పక్కన రక్తం దారి మళ్ళడానికి చిన్న గొట్టం ఉంటుంది. పుట్టేదాకా అది తెరుచుకుని ఉండాలి. ఏ రసాయనం దాన్ని తెరిచి ఉంచుతుందో దాన్నే ఈ మాత్ర ఆపేస్తుంది. నెలలు నిండేటప్పుడు ఇది వేసుకుంటే ఆ గొట్టం ముందే ముడుచుకోవచ్చు. చెప్పండి, ఎన్ని వేసుకున్నారు?"

మేష్టారి పుస్తకంలో ఆ రసాయనం గురించి ఒక పేజీ ఉంది. ఈ సంగతి ఆ పేజీలో లేదు. ఆయన ఎడమ చెప్పు విప్పి, ప్యాంటు పైకి లాగి, మడమ చూపించి మొత్తం చెప్పేశారు. మంచం, మెట్లు, బోల్టు, ఎలుక, ఏదీ మిగల్చలేదు. డబ్బాలో ఎన్ని పోశారో, తను ఎన్ని వేసుకున్నారో లెక్కపెడితే రెండు మాత్రలు తక్కువ వచ్చాయి.

సిస్టర్ లోపలికి వెళ్ళింది. మేష్టారు గోడ పట్టుకుని నిలబడ్డారు. చోటు వదినగారికే పోనీ, బావగారు జన్మంతా ఇంజినీరనే పిలవనీ, ఆ రెండు మాత్రలూ ఆమె వేసుకుని ఉండకపోతే చాలనుకున్నారు.

లోపల నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆయనకి తెలుసు.

"రమ్మంటున్నారు" అని సిస్టర్ తలుపు తీసింది.

భార్య దిండు పక్కనున్న బొత్తాల డబ్బా తీసి మూత తెరిచింది. అందులో ఐరన్ మాత్రలు.

"సోమవారమే వేరే ఐరన్ మాత్రలు తెప్పించుకుని ఇందులో పోసుకున్నాను. ఆ డబ్బాని నేను ముట్టుకుంటే ఒట్టు. ఆ రెండూ మీరు గ్యాస్ స్టవ్ కిందకి దొర్లించారు, నేను ఊడ్చి పారేశాను."

"నీకెలా తెలిసింది?"

"మీ ఎడమ మడమ అంగుళమున్నర పెరిగింది. చెప్పు పట్టీ రెండు రంధ్రాలు వదులైంది. నేను దర్జీనండీ."

"మరి ఎలుక?"

"ఖాళీ కడుపుతో మాత్ర వేసుకునే ఎలుకని మీరెక్కడైనా చూశారా? కడుపులో మంటని మీరు చెప్పరు. అన్నం పెడితే ఆకలి లేదంటారు. దొంగతనమైతే తింటారని పెట్టాను."

అడగొచ్చు కదా అన్నారు మేష్టారు.

"అడిగితే ఒప్పుకునేవారు. ఒప్పుకుంటే వదినని పంపేవారు. నాకు మీరు కావాలి."

బిస్కెట్లు పొట్టని పూర్తిగా కాపాడవని, ఇవాళ్టితో ఆ మాత్రలు బంద్ అని సిస్టర్ మందలించి, మడమకి బిగుతుగా కట్టు కట్టింది. తర్వాత జెల్ పెట్టింది. కాసేపు పడుకున్నాక నడవాలంది. తోడు నడవలేని మనిషిని ఏం చెయ్యాలో ఆలోచిస్తూ గడియారం వైపు చూసింది, వరండా వైపు చూసింది, మూలనున్న చక్రాల కుర్చీ వైపు చూసింది.

ఆ మధ్యాహ్నం వరండాలో అందరూ చూసిన దృశ్యం ఇది. చక్రాల కుర్చీలో కట్టు కట్టిన కాలు చాపుకుని మేష్టారు, ఒళ్ళో జవాబు పత్రాలు. వెనక పిడులు పట్టుకుని, దాన్నే ఊతంగా చేసుకుని తోస్తూ నిండు చూలాలు. సిస్టర్ పక్కనే. ఎదురొచ్చిన ఒక పెద్దాయన మేష్టారి మీద జాలిపడి ఆపరేషను ఎప్పుడని అడిగారు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె కుర్చీ ఆపి ఆయన భుజం పిండేసేది. మాత్ర ప్రభావం దిగి ఆయన మడమ కూడా సలపసాగింది. ఆమెలో పనిచేస్తున్నదీ తనని పొడుస్తున్నదీ ఒకే జాతి రసాయనమని తెలిసి, ఆయన తన నొప్పిని మొదటిసారి తిట్టుకోలేదు.

బావగారు వచ్చేసరికి కుర్చీ పదో చుట్టులో ఉంది. సంగతంతా విని ఆయన నవ్వలేదు. నాలుగు బోల్టులు విప్పితే మంచం నాలుగు ముక్కలవుతుందని, ఆ మాట చెప్పడానికే కబురు చెయ్యమన్నానని మాత్రం మెల్లగా చెప్పాడు.

సాయంత్రం పాప పుట్టింది. ఏడుపు వినగానే సిస్టర్ గుండె మీది గడియారం చూసి సమయం రాసుకుంది. మేష్టారి ఒళ్ళో పాపని పెడుతూ, ఇక ఊపిరితిత్తులు పని మొదలుపెట్టాయి కాబట్టి ఆ చిన్న గొట్టం దానంతట అది మూసుకుంటుందని, దాన్ని తెరిచి ఉంచిన కబురుకి ఇక పనిలేదని చెప్పింది.

మర్నాడు కృతజ్ఞత చెప్పడానికి వెళ్తే బల్ల దగ్గర వేరే సిస్టర్ ఉంది. గడియారం సిస్టర్‌ని ఇంకో వార్డుకి మార్చారట. పేరు అడగాలని అప్పుడు తట్టింది.

పాపకి ఇప్పుడు మూడేళ్ళు, మెట్లన్నీ తనే ఎక్కుతుంది. మీరెప్పుడైనా ఆసుపత్రిలో వరస కదలడం లేదని విసుక్కునేటప్పుడు, ముందు ఎవరో మాత్రలు ట్రేలో పోసి వేలితో ఒక్కొక్కటీ జరుపుతుంటే, ఒక్క క్షణం గడియారం సిస్టర్‌ని తలుచుకోండి. మేష్టారు మీకిది చెప్పమన్నారు.