ఎనభై ఆరు కిలోల నాగేందర్

నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో ఉండే నాగేందర్ తన నలభై ఎనిమిదేళ్ల జీవితంలో గట్టిగా పరుగెత్తింది రెండేసార్లు. ఒకసారి తొమ్మిదో తరగతిలో, కుక్క తరిమితే. రెండోసారి మేనమామ కూతురి పెళ్లిలో, గారెలు అయిపోతున్నాయని ఎవరో అంటే. రెండోసారే ఎక్కువ వేగంగా పరుగెత్తాడని చుట్టాలు చెప్పుకుంటారు.

ఆయనకు బోధన్‌లో ఒక సర్కారీ ఆఫీసులో ఉద్యోగం. ఇంటి గేటు ముందు బండి ఎక్కితే ఆఫీసు గేటు లోపల దిగేవాడు. దారిలో బోధన్ దగ్గర ముష్తాక్ హోటల్ ముందు మాత్రం ఒక కాలు కింద పెట్టేవాడు. రెండో కాలు కూడా ఆనేలోపు మిర్చి బజ్జీల ప్లేటు వచ్చేది.

ఇలా ఉండగా ఒకరోజు డాక్టరు ఆయన రిపోర్టు చూసి, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"నాగేందర్ గారూ, బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ బందయిందని అందరూ బాధపడుతున్నారు. మీరేం బాధపడకండి. అది మీ ఒంట్లో మూడు షిఫ్టులు నడుస్తోంది."

నాగేందర్ పకపకా నవ్వాడు. పక్కన కూర్చున్న భార్య గంగామణి నవ్వలేదు. నందిపేట్‌లో ఆమె తండ్రి కూడా ఇలాగే నవ్వుతూ నవ్వుతూ కుడికాలి పాదం పోగొట్టుకున్నాడు.

ఇంటికి రాగానే ఆమె బండి తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుంది.

"రేపట్నుంచి బండి బంద్. బస్సుల పో. బోధన్ దాంక పోకు, జర ముందు క్యాంపు స్టేజీ కాడ దిగు. ఆడికెల్లి ఆఫీసు మూడు కిలోమీటర్లు. ఉరుకు."

"ఉరుకుడా? చూసినోళ్లు దొంగ అనుకుంటరే!"

"నిన్ను చూసి గట్ల ఎవ్వరనుకోరు. దొంగలు సన్నగ ఉంటరు."

"చేతుల టిఫిన్ డబ్బా ఉంటది గద, ఎట్ల ఉరకాలె?"

"డబ్బా ఎందుకు? కడుపుల పెట్టుకొని పో."

అంతటితో ఆగలేదు. గాంధీచౌక్ నుంచి ఒక కాంట కొనుక్కొచ్చింది. మీద నిలబడితే ముల్లు తిరిగి బరువు చూపించే రకం. ప్రతి ఆదివారం పొద్దున తూకం అని తీర్పు చెప్పింది. నాగేందర్ కాంట ఎక్కి కిందికి చూస్తే ఆయనకు కనిపించేది పొట్ట ఒక్కటే. ముల్లు పొట్ట కింద ఎక్కడో ఉండేది. అందుకని చదివే పని గంగామణిది.

"ఎనభై ఆరు," అని చదివింది మొదటి ఆదివారం. గోడ మీది క్యాలెండర్‌లో రాసింది కూడా.

సోమవారం పొద్దున నాగేందర్ క్యాంపు స్టేజీ దగ్గర దిగాడు. దేవుడికి దండం పెట్టుకుని పరుగు మొదలుపెట్టాడు. ఆయన ముందు వెళ్తుంటే పొట్ట ఒక అడుగు వెనకగా, తన ఇష్టం వచ్చినట్టు వస్తోంది. మడిలో నాటు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు.

"అయ్యో సారూ! ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదా?" అని ఒక అవ్వ కేకేసింది.

"నాకే బాగలేదవ్వా!" అన్నాడు నాగేందర్. అది అప్పటికి నూటికి నూరుపాళ్లు నిజం.

రెండు కరెంటు స్తంభాలు దాటేసరికి వెనక బండి ఆగింది. దాని మీద ఆ క్యాంపులో ఉండే తెలిసినాయన వెంకటసుబ్బారావు. వాళ్ల తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలవ కింద పొలం కొన్నారు. మూడు తరాలైనా ఆ ఇంట్లో 'అండీ' మాత్రం వదల్లేదు.

"ఏవండీ నాగేందర్ గారూ, బస్సు తప్పిపోయిందాండీ? ఎక్కండెక్కండి. మేం ఉండగా మీకీ ఖర్మేంటండీ!"

పెద్దమనిషి పిలిస్తే ఎక్కకపోవడం మర్యాద కాదు. నాగేందర్ మర్యాదస్తుడు. ముష్తాక్ హోటల్ ముందు బండి ఆపి బజ్జీలు తినిపించకపోతే అదీ మర్యాద కాదు. వెంకటసుబ్బారావు ఇంకా మర్యాదస్తుడు.

మంగళవారం నాగేందర్ స్తంభాల దాకా కూడా పోలేదు. స్టేజీలోనే ఆ బండి కోసం నిలబడ్డాడు. ఆఫీసుకు చేరాక, గంగామణి చెమటకని పెట్టిచ్చిన రెండో అంగిని, ఉరికి చెమట పట్టినట్టు కనబడాలని నల్లా కింద తడిపి, పిండి, బ్యాగులో వేసుకున్నాడు.

ఆదివారం కాంట ఎక్కాడు.

"ఎనభై ఆరున్నర," అని చదివింది గంగామణి. "ఉరికితే పెరుగుతరా?"

"కండ పట్టిందే."

"ఏడ?"

ఆ సాయంత్రం ఆమె కూరగాయలకు పోయినప్పుడు నాగేందర్ కాంటను ఒళ్లో పెట్టుకుని పరీక్ష చేశాడు. వెనక గోరంత చక్రం ఉంది. తిప్పితే ముల్లు సున్నాకు ఇవతలికి జరుగుతోంది. ప్రపంచంలో ఇంత తేలిగ్గా బరువు తగ్గే ఉపాయం ఉండగా జనం పార్కుల్లో పడి ఎందుకు చస్తున్నారో ఆయనకు అర్థం కాలేదు.

ఆ నెలలో నాగేందర్ శనివారం శనివారం చక్రం తిప్పుకుంటూ వచ్చి, మొత్తం ఐదు కిలోల దగ్గర ఆపాడు. ఆదివారం ఆమె వచ్చేసరికే కాంట ఎక్కి నిలబడేవాడు. తూకం అయిపోగానే దిగి, కాలితోనే మంచం కిందికి తోసేసేవాడు. క్యాలెండర్ మీద ఎనభై ఒకటి పడింది.

"బరువు తగ్గింది, మంచిదే. మరి పొట్ట ఎందుకు తగ్గలే?" అంది గంగామణి.

"సర్కారీ పొట్ట గదనే. పైకెల్లి ఆర్డర్ రావాలె. ఆఖరుకు తగ్గుతది."

ఆ వారంలోనే ఒక చిన్న గొడవ జరిగింది. కిరాణం ఆశన్న పంపిన పాతిక కిలోల బియ్యం బస్తాను గంగామణి ఎందుకో కాంట మీద పెట్టింది. ఇరవై చూపించింది. బస్తాను ఆటోలో వేసుకుని దుకాణం మీదికి పోయింది. నాగేందర్ సాయంత్రం ఇల్లు చేరేసరికి బస్తా వంటింట్లో దాని చోట్లోనే ఉంది.

"ఆశన్న కాంట మీద పెడితే మంచిగనే ఉన్నది. నాదే తప్పు," అంది ఆమె పప్పు పోపు పెడుతూ. అంతకుమించి ఏమీ అనలేదు. నాగేందర్ గండం గడిచిందనుకున్నాడు.

తర్వాతి ఆదివారానికి ఆయన చక్రాన్ని ముట్టుకోలేదు. అయినా గంగామణి వంగి చూసి, "డెబ్బై తొమ్మిది," అంది.

"ఎంతా?"

"డెబ్బై తొమ్మిది. శాబాష్, మంచిగ ఉరుకుతున్నవ్."

నాగేందర్‌కు అనుమానం వచ్చింది. తను ఉరకలేదు. చక్రం తిప్పలేదు. మరి రెండు కిలోలు ఎక్కడికి పోయాయి? ముల్లు చూద్దామని వంగాడు. వంగితే పొట్ట అడ్డం, ఇంకా వంగితే కాంట ఊగి పడబోయాడు.

ఆపై ఆదివారం ఆమె చదివింది, "డెబ్బై ఆరు."

ఆ మాట విని నాగేందర్ కాంట మీదే చెమటలు కక్కాడు. నల్లా నీళ్లు కాదు, అసలు చెమట. సోమవారం ముష్తాక్ హోటల్లో బజ్జీ చేతిలో పట్టుకుని, మెల్లగా అడిగాడు.

"ముష్తాక్ భాయ్, ఏం చెయ్యకుంటనే బరువు తగ్గుతే ఏమైనట్టు?"

ముష్తాక్ గరిటె పక్కన పెట్టాడు. "షుగర్ ఉన్నదా?"

"ఉన్నది."

"అరె భాయ్, బహుత్ ఖతర్నాక్. మా చాచాకు గిట్లనే అయింది. మొదలు ప్యాంట్ లూజ్. తర్వాత అంగి లూజ్. తర్వాత..." ముష్తాక్ ఆకాశంకేసి చూశాడు. "ఛోడో. నువ్వు తిను."

నాగేందర్ తినలేదు. జీవితంలో మొదటిసారి ఒక బజ్జీ ఆయన చేతిలోంచి ప్రాణాలతో బయటపడింది.

డాక్టరు దగ్గరికి పోదామంటే భయం, పోతే నిజం చెప్తాడని. భార్యతో చెప్పుకుందామంటే ఇంకా భయం, చక్రం సంగతి చెప్పాల్సి వస్తుందని. నిజంగా ఉరికితే షుగర్ తగ్గుతుందేమో, షుగర్ తగ్గితే ప్రాణం నిలుస్తుందేమో! మర్నాడు వెంకటసుబ్బారావు బండి ఆపితే రెండు చేతులూ జోడించాడు.

"వద్దన్నా. నేను ఉరకాలె."

"అదేంటండీ, మా వల్ల ఏమైనా తప్పు జరిగిందాండీ?"

"నీ తప్పేం లేదన్నా. నా పానం కోసం."

వెంకటసుబ్బారావు ఏమీ అర్థం కాక, పక్కనే బండి మెల్లగా నడుపుకుంటూ ఫర్లాంగు దూరం తోడు వచ్చాడు, మధ్యలో పడిపోతే ఎత్తుకోవడానికి.

ఆదివారం నాడు గంగామణి పూర్ణం పెట్టి బక్షాలు చేసింది. నెయ్యి వేసి పళ్లెంలో పెట్టింది. కొంగు ముడి విప్పి తాళంచెవి కూడా పక్కన పెట్టింది.

"పది కిలోలు తగ్గినవ్. ఇగ సాలు. తిను. రేపట్నుంచి బండి మీదనే పో."

నాగేందర్ బక్షాలను చూశాడు. తాళంచెవిని చూశాడు. రెండూ తనను స్మశానానికి రమ్మని పిలుస్తున్నట్టే అనిపించింది. పళ్లెం వెనక్కి తోశాడు.

"వద్దు. నాకు జొన్నరొట్టె పెట్టు. తాళంచెవి నీ కాడనే ఉండనీయ్."

"నిజంగనా?" అంది గంగామణి. మొహం పక్కకు తిప్పుకుని వంటింట్లోకి పోయింది.

ఇట్లా రెండు నెలలు గడిచాయి. నాగేందర్ మొదట స్తంభం స్తంభానికీ ఆగేవాడు, తర్వాత పది స్తంభాలకు, తర్వాత ముష్తాక్ హోటల్ దాకా ఆగకుండా పోయేవాడు. అక్కడ మంచినీళ్లు మాత్రం తాగేవాడు. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. ముష్తాక్ వాళ్ల చాచా గుర్తొచ్చాడు. ఆఫీసు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కాడు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అనుకున్నాడు. రాత్రి పడుకోగానే నిద్ర పట్టేస్తోంది. ఇదే అలవాటై ఒకరోజు లేవకుండా పోతానేమో అనుకున్నాడు.

ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని, "గంగా, నేను లేకుంటే నువ్వు ధైర్యంగ ఉండాలె," అన్నాడు.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె చెయ్యి ఆగింది. "ఏడికి పోతవ్?"

"ఏడికీ పోను. ఊకెనే చెప్తున్న."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఈమెకు కూడా తెలిసిపోయిందన్నమాట, అనుకున్నాడు నాగేందర్.

ఆ వారం ఆదివారం కాంట ఎక్కి, అలవాటు కొద్దీ కిందికి చూశాడు. ముందు కాలి బొటనవేళ్లు కనిపించాయి. చాలా ఏళ్ల తర్వాత కనిపించేసరికి ఎవరివో అనుకున్నాడు. వాటి మధ్య ముల్లు. ముల్లు కింద అంకె.

"అరవై ఎనిమిది," అని చదివింది గంగామణి.

"డెబ్బై ఐదు గదనే!"

నాగేందర్ మళ్లీ వంగి చూశాడు. డెబ్బై ఐదే.

"నువ్వు తప్పు చదువుతున్నవ్! ఎన్ని దినాలకెల్లి చదువుతున్నవ్ గిట్ల?"

గంగామణి కళ్లద్దాలు తీసింది. "బియ్యం బస్తా ఐదు కిలోలు తగ్గిన కాడికెల్లి. నేను తప్పు చదివిన, నువ్వు తప్పు తిప్పినవ్. డెబ్బై ఐదుకు నువ్వు తిప్పిన ఐదు కలుపు. ఎనభై. అంటే ఆరు కిలోలు నిజంగ తగ్గినవ్. దిగు ఇగ."

నాగేందర్ దిగలేదు. బతికి ఉన్నానని సంతోషపడాలో, దొరికిపోయానని ఏడవాలో తేల్చుకోలేక కాంట మీదే నిలబడి అన్నీ ఒప్పుకున్నాడు: వెంకటసుబ్బారావు బండి, ముష్తాక్ బజ్జీలు, నల్లా కింద తడిపిన అంగి. అప్పుడు గానీ కోపం రాలేదు.

"సచ్చిపోతున్న అనుకున్ననే! రెండు నెలలు! గంత భయపెడతవా మనిషిని?"

"మా బాపు కాలు తీసేసినప్పటికెల్లి నేను భయపడుతనే ఉన్న. నిన్ను చూసి పదేండ్లాయె భయపడవట్టి. నువ్వు రెండు నెలలు భయపడితే అరిగిపోతవా?" అంది గంగామణి.

నాగేందర్ మెల్లగా దిగాడు. ఏమనాలో తోచక చక్రం తిప్పి ముల్లును సున్నా మీద పెట్టాడు. పెట్టాక పాడు బుద్ధి పుట్టింది.

"నువ్వు ఎక్కు ఓసారి."

"నేనెందుకు? నా బరువు నాకెర్క."

"ఎక్కవే. నేను సరిగ్గనే చదువుత."

ఎక్కింది. నాగేందర్ మోకాళ్ల మీద కూర్చుని, గొంతు సవరించుకుని, పక్కింటికి వినబడేలా చదివాడు. "డెబ్బై ఎనిమిది! నా కన్న రెండే తక్కువ! రేపట్నుంచి నువ్వు గూడ ఉరకాలె. ఉరకాలంటే ఉరకాలె!"

గంగామణి కిక్కురుమనలేదు. ఇరవై మూడేళ్ల కాపురంలో చివరి మాట తనదైనందుకు నాగేందర్ ఆ పూట ఒక రొట్టె ఎక్కువ తిన్నాడు.

సోమవారం క్యాంపు స్టేజీలో వెనక డోరు నుంచి దిగాడు. ఇప్పుడు ప్రాణభయం లేదు కదా, వారానికి రెండు రోజులు వెంకటసుబ్బారావు బండి ఎక్కితే తప్పేమిటని ఆలోచిస్తూ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ముందు డోరు నుంచి ఇంకెవరో దిగారు. తలెత్తితే గంగామణి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కాళ్లకు తెల్లటి కొత్త బూట్లు వేసుకుని ఉంది.

"నువ్వా? నువ్వెందుకు వచ్చినవే?"

"ఉరకమన్నవ్ గద."

"ఇంటి కాడ ఉరుకు! ఉరుకుటానికి గింత దూరం బస్సుల వస్తరా ఎవరన్న?"

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ. పోను జీరో టికెట్, రాను జీరో టికెట్. దినాం వస్త."

అంతలో వెంకటసుబ్బారావు బండి వచ్చి ఆగింది. "నమస్కారం చెల్లెమ్మగారూ! ఇద్దరూ ఎక్కండి, సర్దుకుందామండీ."

"నమస్తే అన్నా," అంది గంగామణి నిండుగా నవ్వి. "మా ఆయనను దినాం ఎక్కించుకున్నది మీరేనా?"

వెంకటసుబ్బారావు నాగేందర్ మొహం చూశాడు. పొలానికి నీళ్లు పెట్టాలని ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ బండి అంత వేగంగా పోగలదని నాగేందర్‌కు అప్పటిదాకా తెలియదు.

"నడు," అని గంగామణి బోధన్ వైపు తిరిగింది. ఆమె ఉరకను కూడా లేదు. ఊరికే చేతులూపుకుంటూ, కూరగాయల మార్కెట్‌కు పోయినట్టు నడుచుకుంటూ పోతోంది.

"గంగా, ఆగే!" అంటూ, ఆమెను అందుకోవడానికి నాగేందర్ పరుగెత్తాడు.