విడిది కమిటీ కొండెక్కిన కథ

ఒక పెద్ద అడవిలో ఏమేముంటాయో అందరికీ తెలుసు గనక, ఆ అడవి నెత్తిమీదున్న చిన్న కొండ దేశం సంగతి చెప్తాను. ఎంత చిన్నదనుకున్నారు! ఈ చివర మేకపిల్ల తుమ్మితే ఆ చివర ముసలి మేక ‘చిరంజీవ’ అనేది. ఏనుగు అడ్డంగా పడుకుంటే తోక పరాయి దేశంలో ఉండేది.

ఆ ఏడు కింద అడవిలో ఎండలు మాడ్చి పారేశాయి. చెరువులు ఎండిపోయాయి. నేల కాలి, తాబేళ్లు కూడా పరిగెత్తడం నేర్చుకున్నాయి. అడవికి పెద్దదిక్కైన ఏనుగు మహాలక్ష్మమ్మ అందర్నీ పిలిచి, “వానలు పడేదాకా పిల్లాపాపలతో కొండ దేశంలో మకాం వేద్దాం. మంచి చోటు చూసి రండి” అంది.

అంతే, కమిటీ పుట్టింది. మనలో మాట, చోటు చూసి రావడానికి ఒక్క పిచ్చుక చాలు. కానీ పిచ్చుకను పంపితే సాయంత్రానికల్లా జవాబు తెచ్చేస్తుంది. ఇక పెద్దవాళ్లకి పనేముంటుంది?

అడవిదున్న గండయ్య గారు అధ్యక్షులు. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోతారు. నక్క కామేశం కార్యదర్శి. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటాడు గానీ, పెట్టినవాళ్లెవరూ మళ్లీ కనబడలేదు. కోతి లింగమూర్తి సభ్యుడు. కడుపులో మాట దాగదు, దాగినా పళ్ల సందుల్లోంచి బయటపడుతుంది.

చోటు చూడటానికి ఆ అడవిలో తాతల నాటి పద్ధతి ఒకటుంది. కళ్లతో చూస్తే చూసినట్టు కాదు. మేసి చూడాలి, తాగి చూడాలి, దొర్లి చూడాలి. అదీ సకుటుంబ సపరివారంగా!

మొదట వాగొడ్డుకి వెళ్లారు. అద్దంలాంటి నీళ్లు. గండయ్య గారు, వారి తమ్ముళ్లు, మరదళ్లు, వియ్యాలవారు అందరూ దిగి పొద్దుగూకేదాకా దొర్లారు. గట్టెక్కాక గండయ్య గారు వెనక్కి తిరిగి చూసి మూతి విరిచారు.

“ఛీ, ఛీ! ఇంత బురదా? పనికిరాదు.”

“పనికిరాదండీ” అన్నాడు కామేశం.

తర్వాత నేరేడు తోపు. లింగమూర్తి చుట్టాలు చెట్లెక్కి పళ్లన్నీ తిని, కొమ్మలు విరిచి, ఊయలలూగి దిగారు.

“ఒక్క పండు లేదు, గుప్పెడు నీడ లేదు. ఇక్కడెవడుంటాడయ్యా!” అని చిరాకుపడ్డాడు లింగమూర్తి.

అదీ పనికిరాలేదు. ఆ దేశంలో చదునైన చోటు ఇక ఒక్కటే మిగిలింది. అది కొండకొమ్మున ఉన్న పై పచ్చిక.

ఆ పచ్చిక నడుమ ఒక గడ్డిదుబ్బు కింద కౌజుపిట్ట వరహాలమ్మ గుడ్లు పొదుగుతోంది. కౌజులు నేలమీదే గుడ్లు పెడతాయి పాపం, చెట్టు మీద గూడు కట్టడం వాటి వంశంలో లేదు. నేడో రేపో పిల్లలయ్యే గుడ్లు. చెవి ఆనిస్తే లోపల టిక్కుటిక్కుమంటున్నాయి. వాటి మీద దున్నల బలగం వచ్చి దొర్లితే ఇంకేమైనా మిగులుతుందా? దున్నలు వదిలినా నక్క వదులుతాడా?

కమిటీ రెండు చోట్లు పాడుచేసిన సంగతి వరహాలమ్మ చెవిన పడింది. గుడ్ల మీద ఎండుగడ్డి కప్పి, రెక్కలు టపటపలాడించుకుంటూ తోపు దగ్గరికి పరిగెత్తింది.

“దండాలు బాబూ! మా పచ్చిక వైపు రాకండి. అంతా ముళ్లు. పాములు. చీమలు కూడా కుడతాయి.”

“ఓహో! నువ్వెక్కడుంటావమ్మా?” అన్నాడు కామేశం తీయగా.

“అక్కడేనండి.”

“ముళ్లు, పాములు, చీమలు ఉన్నచోట నువ్వెందుకుంటున్నావు?”

వరహాలమ్మ గుడ్లున్నాయని చెప్పనూ లేదు, చెప్పకుండా ఉండనూ లేదు. నక్క పెదాలు నాక్కుని, “వద్దంటున్నావంటే అక్కడేదో మంచి సరుకే ఉంది. రేపు పొద్దున్నే వస్తున్నాం, పోయిరా తల్లీ” అన్నాడు.

కోరి కొరివితో తల గోక్కున్నట్టయింది. తన నోటిని తనే తిట్టుకుంటూ పొద దాటిందో లేదో, వెనక లింగమూర్తి గొంతు వినబడింది. చెప్పాను కదా, దాగదని.

“కామేశం! రేపు ఆ చోటు నిజంగా బాగుంటే ఎలా?”

“బాగుంటే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కమిటీ పనైపోతుంది. పళ్లు అందరితోపాటు పంచుకు తినాలి.”

“అందరితోపాటా?” లింగమూర్తి ఒళ్లు జలదరించింది. “అమ్మో! చోటు దొరక్కూడదు!”

గండయ్య గారికి మెలకువ వచ్చింది. “ఏది దొరక్కూడదు?”

“మనం వెతుకుతున్నదేనండి.”

“ఆఁ, అలాగే కానివ్వండి” అని మళ్లీ కళ్లు మూశారు.

“భయం లేదు” అన్నాడు కామేశం. “మనం దొర్లాక ఏ చోటు బాగుంటుంది? దీని తర్వాత పక్క కొండ, దాని తర్వాత ఆ పై కొండ. కొండలకేం తక్కువ!”

పొదచాటున వరహాలమ్మకి ముందు ఏడుపొచ్చింది. కింద అడవిలో పసిదూడలు నాలుకలు వేలాడేసుకుని ఎదురుచూస్తుంటే వీళ్లకి ఇదా పని! తర్వాత ఒళ్లు మండింది. ఒళ్లు మండాక బుర్ర పనిచేసింది.

తెల్లారి కమిటీ బలగంతో సహా పచ్చిక మొగదలకి వచ్చేసరికి, వరహాలమ్మ నోట గడ్డిపూలు కరుచుకుని ఎదురొచ్చి, వాళ్ల ముందు పెట్టింది.

“రండి బాబూ రండి! నిన్న నేను చెప్పినవన్నీ అబద్ధాలు, చెంపలేసుకుంటున్నాను. మా పచ్చికంత మంచి చోటు ఏడు కొండలు తిరిగినా దొరకదు. మీకు దొరికేసింది! ఒక్కసారి చూశారంటే చాలు, కాదనలేరు. పనైపోయినట్టే!”

కామేశం ఉలిక్కిపడ్డాడు. “ఏమైపోయినట్టే?”

“పనండీ! మీ కష్టం తీరింది. మా తమ్ముడు రెక్క మీదే ఉన్నాడు. మీరిటు చూడగానే అటు ఎగిరి మహాలక్ష్మమ్మ గారికి కబురు చెప్పేస్తాడు, కమిటీ వారు చూశారు, నచ్చింది అని.”

“ఆగండి! ఎవరూ చూడకండి!” అని అరిచాడు కామేశం. “చూస్తే నచ్చుతుంది. నచ్చితే కొంప మునుగుతుంది. కళ్లు మూసుకోండి!”

బలగమంతా టక్కున కళ్లు మూసుకుంది. గండయ్య గారివి ముందునుంచే మూసి ఉన్నాయి.

“కామేశం, గడ్డి వాసన కమ్మగా వస్తోంది. నచ్చేస్తుందేమో!” అని వణికాడు లింగమూర్తి.

“ముక్కులు కూడా మూసుకోండి!”

నక్క ముక్కు మూసుకున్నాడు! దుబ్బు కింద గుడ్లు పెట్టుకున్న తల్లికి అంతకంటే ఏం కావాలి? వరహాలమ్మకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. కానీ ఇంకో గండం ఉంది. ఇంతమంది గుడ్డిగా నడిస్తే గిట్టలు గుడ్ల మీదే పడొచ్చు.

కౌజులకి ఒక ఇంటివిద్య ఉంది. శత్రువు గూటివైపు వస్తే, తల్లిపిట్ట రెక్క విరిగినట్టు కుంటుతూ, అరుస్తూ, వాణ్ణి పక్కకి లాక్కుపోతుంది. వరహాలమ్మ కుంటలేదు, వాళ్లు చూస్తే కదా! అరిచింది మాత్రం.

“మీ బాధ నాకర్థమైంది బాబూ. చూడకుండా దాటాలంటే నా గొంతు వెంట రండి. ఇటు! ఇంకొంచెం ఎడమకి! గండయ్య గారూ, కాలు అటు పెట్టకండి, అటు చాలా బాగుంటుంది!”

గండయ్య గారు హడలిపోయి కాలు వెనక్కి తీసుకున్నారు. ఒకరి తోక ఒకరు పట్టుకుని బలగమంతా గడ్డిదుబ్బు పక్కనుంచి, వేలెడు ఎడంతో, జాగ్రత్తగా దాటిపోయింది. వరహాలమ్మ అరుస్తూనే ముందుకి నడిచింది.

ఇప్పుడు ఆ దేశం చిన్నదని మళ్లీ చెప్పక తప్పదు. పచ్చిక దాటితే దేశం అయిపోతుంది. దేశం అయిపోయాక నేల కూడా అయిపోతుంది. అక్కడనుంచి కిందంతా ఏటవాలు జారుడు.

“వచ్చేశామా?” అన్నాడు కామేశం.

“ఇంకొక్క అడుగు బాబూ” అని వరహాలమ్మ రివ్వున ఎగిరింది.

గండయ్య గారు అడుగేశారు. ఆయన వెనక తోక, తోక వెనక కోతి, కోతి వెనక నక్క, నక్క వెనక వియ్యాలవారు! ధన్ ధన్ ధనా ధన్! దొర్లి చూడటమంటే అదీ దొర్లడం! రాళ్లు, పొదలు, పుట్టలు అన్నీ పలకరించుకుంటూ వచ్చి సరిగ్గా మహాలక్ష్మమ్మ కాళ్ల దగ్గర కుప్పగా పడ్డారు.

“వచ్చారా? చోటు దొరికిందా?” అందావిడ.

“లేదమ్మా” అన్నాడు కామేశం దుమ్ము దులుపుకుంటూ. “రెండు చోట్లు చూశాం, పనికిరావు. మూడోది చూడలేదు.”

“ఎందుకు చూడలేదు?”

కామేశం నోరు తెరిచేలోపే లింగమూర్తి, “చాలా బాగుందని!” అనేశాడు.

అడవంతా గొల్లుమంది. మహాలక్ష్మమ్మ తొండం కోపంతో వణికింది.

“ఇక్కడ దూడలు ఎండకి సొమ్మసిల్లుతుంటే మీకు ఆటలుగా ఉందా? నేనే వెళ్లి చూస్తాను!”

“తప్పమ్మా!” అన్నాడు కామేశం చేతులు కట్టుకుని. “కమిటీ ఎందుకు పడిందో తేలకుండా పెద్దలు ఆ దారిన వెళ్లకూడదు. ముందు విచారణ జరగాలి.”

ఆవిడ నిజాయితీపరురాలే గానీ, విచారణ అన్న మాట చెవిన పడితే కాలు కదపలేదు. పెద్దవాళ్ల జబ్బు అది. “సరే, విచారణ కమిటీ వేయండి. పడటంలో అనుభవం ఉన్నవాళ్లు కావాలి” అంది.

అనుభవం ఎవరికుంది? ఆ ముగ్గురికే! తాతల నాటి పద్ధతి విచారణకి కూడా వర్తిస్తుంది కాబట్టి, పడి చూడాలి. రోజూ పొద్దున్నే జారుడు పక్కనుంచి గట్టుదాకా ఎక్కేవాళ్లు. పచ్చిక కనబడగానే కళ్లూ ముక్కూ గట్టిగా మూసుకునేవాళ్లు. సకుటుంబంగా కిందికి దొర్లేవాళ్లు. గండయ్య గారైతే దారిలో ఒక కునుకు కూడా తీసేవారు.

అలా దొర్లుతుండగానే మబ్బులు కమ్మి వాన దంచికొట్టింది. కింద చెరువులు నిండాయి, దూడలు గంతులేశాయి. మకాం సంగతి అందరూ మర్చిపోయారు. విచారణ మాత్రం ఆగలేదు, అది వేరే విషయం.

పై పచ్చికలో వరహాలమ్మ రెక్కల కింద పిల్లలు కిచకిచలాడాయి. తల్లి మాటిమాటికీ వాటిని లెక్కపెట్టుకుని, ఒక్కటీ తగ్గలేదని మురిసిపోయింది.

నీతి: వెతకడమే ఉద్యోగమైనవాడికి ఎదురెళ్లి దొరికిపో, కళ్లు మూసుకుని పారిపోతాడు.