నలభై పుంజాల పరుగు

నా లెక్కల మీద మీలో ఎవరికైనా గొప్ప అభిప్రాయం ఉంటే ఇప్పుడే వదులుకోండి. ధర్మవరం స్టేషన్ గూడ్సు ఆఫీసులో రోజూ బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాను కదా, పంతొమ్మిది వందల అరవై రెండు దాకా నాకూ ఆ అభిప్రాయం ఉండేది.

ఆ ఏడు మా అమ్మాయి అలివేలు ఐదో తరగతి. ఎక్కాలంటే దానికి చలిజ్వరం. సోమవారం లోపల పన్నెండో ఎక్కం ఒప్పజెప్పకపోతే మళ్ళీ ఐదులోనే కూర్చోబెడతానని నరసప్ప అయ్యవారు కబురు పంపాడు. అదే జరిగితే వాళ్ళవ్వ, అంటే మా అత్త, బడి మాన్పించి మగ్గం ముందు కూర్చోబెడుతుందని పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నాకో ఉపాయం తట్టింది. ఆదివారం పొద్దున్నే, ఇంటి ముందు చీరల నిలువు పోగులు, అంటే పడుగులు, సాగదీసే ఖాళీ జాగాలో, నా భార్య ఓబులమ్మ ముగ్గుపిండి డబ్బా మొత్తం బోర్లించి గళ్ళు గీశాను. గడికొక అంకె. నేను ఎక్కం అడిగితే జవాబున్న గడిలోకి దూకాలి. తప్పు చెప్పినవాళ్ళు రైలు గేటు దాకా పరుగెత్తి రావాలి.

"అడిగేవానికి కూడా ఉండాదా ఈ పరుగు?" అంది ఓబులమ్మ.

"ఇంట్లో అందరికీ ఉండాది," అన్నాను దర్జాగా.

ఆట మొదలైంది. "పన్నెండు పదులెంత?"

అలివేలు ఏ గడిలోకీ దూకలేదు. "ఒక పుంజం" అంది.

"తప్పు. పరిగెత్తు."

"ఆగు పాపా," అంది ఓబులమ్మ. "ఏమయ్యా, పడుగులో పుంజమంటే ఎన్ని పోగులు?"

మావాళ్ళు హిందూపురంలో చీరలు అమ్మినవాళ్ళే గాని నేసినవాళ్ళు కారు. "వంద," అన్నాను.

"నూటిరవై. గేటు ఆ పక్క ఉండాది."

నేను రొప్పుతూ తిరిగొచ్చేసరికి పక్కింటి చంద్రప్ప మంచం బయటికి లాక్కుని కూర్చున్నాడు.

"నలభై పుంజాల పడుగులో నాలుగు పోగులు తెగినాయి. ఇంకెన్ని ఉండాయి?" అని మళ్ళీ అడిగింది ఓబులమ్మ.

ఇది నా విద్య. పుల్లతో నేల మీద హెచ్చవేసి, తీసివేసి, "నాలుగు వేల ఏడు వందల తొంభై ఆరు," అన్నాను.

"నాలుగు వేల ఎనిమిది నూర్లు," అంది అలివేలు. "తెగిన పోగులు అతుకుతాం గదా నాయనా."

"తెగింది వదిలేసి నేస్తే ఆ చీర ఎవురు కట్టుకుంటారు, మీ అక్కనా?" అంది ఓబులమ్మ.

మొత్తం ఏడుసార్లు పరుగెత్తాను. అయిదోసారి గేటు కాపలా దానియేలు మంచినీళ్ళిచ్చి, "బండి సాయంత్రానికి గదప్పా, ఇంత తొందరేమి?" అన్నాడు.

ఓబులమ్మ ఒక్కరోజు కూడా బడికి పోలేదు. నా గళ్ళ పక్కనే పడుగు సాగదీస్తూ ఆమె పుంజాలు అడుగుతుంటే, నా బిడ్డ భయం మరచిపోయి అటూ ఇటూ ఉరుకుతూ అంకెలు చెప్పింది: మూడు పుంజాలంటే మూడు వందల అరవై, అంటే పన్నెండు మూళ్ళ పక్కన ఒక సున్న. నా గళ్ళను ఎవరూ తొక్కనైనా లేదు. పన్నెండేళ్ళుగా ఈ మనిషికా నేను లెక్కలు వివరిస్తున్నది అని సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ముచ్చటేసింది.

సోమవారం బడి గుమ్మంలో నిలబడ్డాను. అలివేలు పన్నెండో ఎక్కం ఎక్కడా ఆగకుండా అప్పజెప్పింది. ఆరో తరగతికి పంపిస్తానన్నాడు అయ్యవారు. "ఇంత బాగా ఎవురు నేర్పినారు?" అంటూ నా వైపు చూసి నవ్వాడు. నేను చొక్కా సర్దుకున్నాను.

"మాయమ్మ," అంది.

"మరి మీ నాయన?"

పిల్ల నా పరువు కాపాడాలనే చూసింది పాపం.

"మా నాయన బాగా పరిగెత్తినాడు, అయ్యవారూ."