ఆదుకో ప్రభువా

ఎన్నికలకు ఇరవై రోజుల ముందు దేశభద్రతకు ముంచుకొచ్చిన ముప్పు నిడివి సరిగ్గా ఇరవై ఏడు సెకన్లు. క్లీవ్‌లాండ్ తూర్పు వైపున నల్లవాళ్ళు వెళ్ళే న్యూ రామోతు బాప్టిస్టు చర్చిలో, రెవరెండ్ ఒబదయా స్టోక్స్ గారి ప్రసంగం గంటంపావు దాటాక, ఎవరో దాన్ని ఫోనులో తీశారు. టీవీలవాళ్ళు ఆ ముప్పును రోజుకు నూటనలభై సార్లు చూపించి, పిల్లల కంట పడకుండా చూసుకోమని తల్లిదండ్రులను కోరారు.

ఆ వీడియోలో రెవరెండ్ గారు రెండు సంగతులు సెలవిచ్చారు. మొదటిది: "ఈ దేశం మన వెన్ను మీద మేడ కట్టుకుంది. ఇప్పుడు ఆ మేడ కిటికీలోంచి తొంగిచూసి, మీరెందుకర్రా వంగి నడుస్తారు అని అడుగుతోంది!" రెండోది: "మన వీధుల్లో మంచు ఎవరూ తియ్యకుండా కాపలా కాయడానికి వాషింగ్టన్‌లో ఒక గది ఉంది. దానికి నీలం కర్టెన్లు!" ఆ వెంటనే మూడో వరుసలో ఒక చెయ్యి పైకి లేచింది. "ఆదుకో ప్రభువా!" అని ఒక గొంతు ఖంగున మోగింది. ఆ చెయ్యీ గొంతూ అమెరికా కాంగ్రెస్‌లో సీటుకు పోటీ చేస్తున్న శ్రీ వెండెల్ ప్రూయిట్ గారివి.

నీలం కర్టెన్ల సంగతి దేశంలో ఎవరూ పట్టించుకోలేదు. వెన్ను మాట మాత్రం అందరికీ గుచ్చుకుంది. మూడు డాక్టరేట్లున్న ఒక తెల్లాయన తెర మీద కూర్చుని, ఈ దేశాన్ని కూల్చే పనిలో పాస్టరుకు తోడుండమని అభ్యర్థి దేవుణ్ణి బహిరంగంగా వేడుకున్నాడని, చేతివేళ్ళ కోణాన్ని బట్టి వేడుకోలు తీవ్రమైనదేనని తేల్చిచెప్పాడు. ఆయన తన జీవితంలో నల్లవాళ్ళ చర్చి గడప తొక్కలేదు కాబట్టి ఆయన నిష్పాక్షికతను శంకించలేం.

ఆ చర్చి బల్లల మీద ఒక్క ఆదివారం కూర్చున్నవాళ్ళకైనా అసలు విషయం తెలుసు. వాక్యం బాగుంటే "ఆమెన్" అంటారు. ఇంకా బాగుంటే లేచి నిలబడి అంటారు. పాస్టరుగారు దారి తప్పి, ఎక్కడికి పోతున్నారో ఆయనకే తెలియనప్పుడు, ఎంతో భక్తిగా "ఆదుకో ప్రభువా" అంటారు. కూర మాడిపోయిన ఇంట్లో చుట్టం "మజ్జిగ అమోఘమండీ" అన్నట్టు. వెండెల్ కర్టెన్ల దగ్గర అన్నది అదే. అంతకు పది సెకన్ల ముందు, వెన్ను మాటకు అతను లేచి నిలబడి, గొంతు చించుకుని "ఆమెన్" అన్నాడు. ఆ క్షణంలో ముందు వరుసలోని ఒక పెద్దావిడ టోపీ ఫోనుకు అడ్డం వచ్చింది. చప్పట్ల హోరులో ఎవరి గొంతు ఏదో తెలియలేదు.

ప్రచార సలహాదారు బ్రాడ్లీ కెస్లర్‌కు వెండెల్ సిగ్గుపడుతూ "ఆదుకో" రహస్యం మాత్రం చెప్పాడు. కెస్లర్ కుర్చీలోంచి లేచాడు.

"అంటే మీరు ఆయన్ని వెక్కిరించారా సార్?"

"వెక్కిరింపు కాదయ్యా. చర్చిలో అలా అంటారు."

"బంగారం లాంటి మాట! ఇరవై ఏళ్ళ నుంచీ మీరు ఆయన్ని మనసులోనే ఖండిస్తున్నారన్నమాట. మనసులో కాదు, పైకే! దేవుడి సాక్షిగా! నేను రాసేస్తాను, మీరు చదివేయండి."

"ఆయన నాకు బాప్తిస్మం ఇచ్చారయ్యా."

"నీళ్ళే కద సార్. ఆరిపోయి ఉంటాయి."

వెండెల్‌కు ఆరలేదు. పదకొండో ఏట తనను నీళ్ళలో ముంచి లేపిన చెయ్యి అది. తమ్ముణ్ణి వేరే ఎవరో అనుకుని పోలీసులు పట్టుకుపోతే, కోర్టు మెట్ల మీద నాలుగు రోజులు కదలకుండా కూర్చుని విడిపించిన మనిషి ఆయన. అందుకని వెండెల్ మర్యాదగా ముందే చెప్పి వెన్నుపోటు పొడుద్దామని బయలుదేరాడు. రాజకీయాల్లో దీన్ని విధేయత అంటారు.

రెవరెండ్ గారు చర్చి కింద వంటగదిలో పీచ్ కాబ్లర్ అనే పళ్ళ మిఠాయి తింటున్నారు. వెండెల్ నీళ్ళు నములుతూ, "అయ్యగారూ, ఆ ఆదుకో అనే మాటకి... నిజానికి మేం..." అన్నాడు.

"నేను దారి తప్పానని అర్థం. నాకు తెలీదనుకున్నావట్రా? నలభై ఏళ్ళ నుంచీ వింటున్నాను. ఆ మాట చెవిన పడగానే గేరు మార్చి యేసు కథలోకి, సిలువ దగ్గరికి పోతాను. మీరు అనకపోతే నేను ఇంకా ఆ కర్టెన్ల కుట్టుపని గురించే చెబుతూ ఉండేవాణ్ణి."

"మరి... రేపు పత్రికలవాళ్ళకి ఆ సంగతి చెప్పుకోవచ్చా అయ్యగారూ?"

"చెప్పుకో. ముసలాడు పిచ్చివాగుడు వాగాడని చెప్పు. కర్టెన్లు లేవను, గది కూడా లేదను. నేనేమీ అనుకోను." ఆయన చెంచా పక్కన పెట్టారు. "వెన్ను మాట మాత్రం తప్పనకురా అబ్బాయ్. అది మా నాన్న వెన్ను. మీ తాత వెన్ను. దానికి నువ్వు లేచి నిలబడి ఆమెన్ అన్నావు. టోపీ ఫోనుకు అడ్డమొచ్చింది కానీ నాకు రాలేదు."

"అనను అయ్యగారూ," అన్నాడు వెండెల్. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

మర్నాడు పొద్దున పదింటికి చర్చి హాల్లోనే పత్రికా సమావేశం. అభ్యర్థి వెనకాల భక్తులైన నల్లముఖాలు కనబడాలని కెస్లర్ పట్టుబట్టి, తెల్లటోపీలు పెట్టుకున్న పెద్దమ్మలను రెండు వరుసలుగా నిలబెట్టాడు. వాళ్ళ మధ్యలో సంఘమంతా మదర్ అని పిలిచే ఎర్నెస్టీన్. ఎనభై మూడేళ్ళావిడ. ఆ రోజు ఫోనుకు అడ్డమొచ్చిన టోపీ ఆవిడదే. రెవరెండ్ గారు చివరి వరుసలో, తన జీవితంలో మొదటిసారిగా వినేవాళ్ళ బల్ల మీద కూర్చున్నారు.

వెండెల్ చదివాడు. "ఆ వీడియో నన్ను దిగ్భ్రాంతికి గురిచేసింది. ఆ మాటలు విని నేను తీవ్రంగా కలత చెంది, అక్కడికక్కడే దేవుణ్ణి ఆశ్రయించాను." కెమెరాలు చిటపటలాడాయి. కర్టెన్లను ఖండించాడు. గదిని ఖండించాడు. పేజీ తిప్పాడు. అక్కడ కెస్లర్ రాసిన వాక్యం ఉంది. వెండెల్ ఆగి, నీళ్ళు తాగాడు. చివరి వరుస వైపు చూడకుండా ఉండటానికి కెమెరా వైపు చూశాడు. అటు చూస్తే కాంగ్రెస్ సీటు కనబడింది.

"మన మహోన్నత దేశం ఎవరి వెన్ను మీదా కట్టినది కాదు," అని చదివాడు. "దాని నిర్మాణంలో మన పూర్వీకులు కూడా... ఉత్సాహంగా... పాల్గొన్నారు."

అతని వీపు వెనకాల, ఎంతో భక్తిగా, సన్నని వణికే గొంతు లేచింది.

"ఆదుకో ప్రభువా!"

మదర్ ఎర్నెస్టీన్ చెయ్యి పైకెత్తి కళ్ళు మూసుకుంది. పక్కావిడ అందుకుంది: "ఆదుకో తండ్రీ, ఆదుకో!" రెండు వరుసల తెల్లటోపీలూ ఊగాయి. "ఆదుకో ప్రభువా!" హాలంతా అదే మాట. వెండెల్ మెడ వెనక భాగం కాలిపోయింది. గేరు మార్చడం అతనికి చేతకాలేదు, సిలువ దగ్గరికి పోయే దారి కాగితంలో లేదు. మిగతా రెండు పేజీలూ చదివేశాడు. చివరి వరుసలోంచి ఒక పాత, బొంగురు గొంతు అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా మెల్లగా అదే మాట అనడం అతనికి వినబడింది. ఆ గొంతులో వెక్కిరింపు లేదు. అది ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

ఆ సాయంత్రం మూడు డాక్టరేట్ల ఆయన తెర మీద కళ్ళు తుడుచుకున్నాడు. అభ్యర్థి ధైర్యానికి చలించిపోయిన సంఘమంతా అతని విజయం కోసం ఏకకంఠంతో ప్రార్థించిందని వివరించాడు. దేశం ఊపిరి పీల్చుకుంది. వెండెల్ తొమ్మిది శాతం మెజారిటీతో గెలిచాడు.

కాంగ్రెస్‌లో వెండెల్ ప్రూయిట్ గారి తొలి ప్రసంగం మొన్ననే జరిగింది. మధ్యలో తను ఎక్కడికి పోతున్నాడో తనకే తెలియని ఒక చోట ఆయన అలవాటు కొద్దీ ఆగి, వెనక్కి చెవి ఒగ్గాడు. ఎవరూ ఆ మాట అనలేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకో గంట మాట్లాడాడు.

టీవీలో మీరూ చూసే ఉంటారు. చప్పట్లు కొట్టింది మీరు కూడానా?