దీపం వెలిగితే బండి ఆపాలి

ఆ రోజు సోమలింగం పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగి, మోటార్ సైకిలు తీసి, రింగ్ రోడ్ అవతల ఉన్న కరోనా ఆస్పత్రికి వెళ్లి, తల్లి గంగవ్వను వెనక కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నం భోజనం వేళకు లింబాయత్‌లోని గదికి తెచ్చుకోవడం. ఆ ఏప్రిల్‌లో సూరత్ జనం ఇంతకన్నా పెద్ద కోరికలు కోరడం మానేశారు.

గంగవ్వకు జ్వరం తగ్గింది, ఊపిరి కుదుటపడింది. తగ్గనిది భయమొక్కటే. ముందురోజు ఫోన్‌లో అదే చెప్పుకుంది. "ఇటుపక్క మంచంల ఆమె మొన్న పోయింది కొడుకా. అటుపక్కామె ఇయ్యాల పొద్దుగాల పోయింది. నడిమిట్ల నేనున్న. ఇంకొక్క రాత్రి ఈడుంటే నేను బతక. రేపొచ్చి తీస్కపో." డాక్టరు కూడా మధ్యాహ్నంలోగా మంచం ఖాళీ చేయాలన్నాడు. దానికోసం బయట జనం కాచుకుని ఉన్నారు. ఆటోవాళ్లేమో ఆస్పత్రి పేరు వినగానే మాస్కు సర్దుకుని వెళ్లిపోతున్నారు. ఇక బండే దిక్కు.

ఆ బండి పోయిన దసరాకు కొన్నది. సోమలింగానికీ జ్వరం వచ్చి గదిలో పడుకున్నప్పటి నుంచి మెట్ల కింద కదలకుండా నిలబడి ఉంది. సెల్ఫ్ నొక్కితే దగ్గింది. ఆ రోజుల్లో ఏది దగ్గినా జనం వెనక్కి జరిగేవారు. సోమలింగం కూడా జరిగాడు. మళ్లీ నొక్కితే మూలిగి, ఎట్టకేలకు అందుకుంది. అందుకుంది గానీ మీటరులో ఏబీఎస్ అని రాసున్న పసుపు దీపం ఆరలేదు. రోజూ బండి నాలుగు గజాలు కదలగానే ఆరిపోయే దీపం అది. సందులో ఎనిమిది గజాలు నడిపినా అలాగే వెలుగుతోంది. సోమలింగం ఇంజిను ఆపి కిందికి దిగాడు.

ఇంకెవడైనా అయితే దిగేవాడు కాదు. సోమలింగం మగ్గాల మనిషి. అతని కార్ఖానాలో దారం తెగితే మగ్గం మీద దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే మగ్గం ఆపాలి, తెగిన దారం దొరికేదాకా ముట్టుకోకూడదు, లేదంటే నేసిన బట్ట తాను మొత్తం పాడు. ఇన్నేళ్లలో దీపం వెలుగుతుండగా మగ్గం నడిపిన పాపం అతను ఎరగడు. అలాంటివాడు దీపం వెలిగే బండి మీద కన్నతల్లిని ఎక్కిస్తాడా?

"ఒకపారి బ్రేక్ నొక్కి సూడరాదు?" అంది భార్య భాగీరథి గడపలోంచి.

"లైటు చెప్తున్నంక చేత్తోటి చూసేదేంది?" అన్నాడు సోమలింగం.

పక్క గది మల్లేష్ పళ్లు తోముకుంటూ వచ్చి మీటరులోకి తొంగి చూశాడు. అతనిదీ అదే కార్ఖానా, అదే జ్ఞానం. "ఏబీఎస్ అంటే బ్రేకులే అన్నా. లైట్ వచ్చిందంటే బ్రేకులు ఖతం. ఎక్కినవంటే గంగవ్వ కన్నా ముందు నువ్వే పోతవ్."

సోమలింగం ఆలోచించి మంచి ఉపాయమే తీశాడు. బండిని తోసుకుంటూ పోతాడు. దారిలో మెకానిక్ దొరికితే సరే, లేకపోతే తల్లిని సీటు మీద కూర్చోబెట్టి నడిపించుకుంటూ తెచ్చుకుంటాడు. నడిచే బండికి బ్రేకులతో ఏం పని? దీపం ఎప్పుడు ఆరుతుందో చూడాలి కాబట్టి తాళంచెవి తిప్పే ఉంచాడు. మల్లేష్ తోడు వస్తానన్నాడు, ఆస్పత్రి గేటు దాకా మాత్రమే. ఫోన్ ఎత్తితే వినిపించే 'రెండు గజాల దూరం పాటించండి' అనే కరోనా మాటను నమ్మి రెండు గజాల వెనకే నడిచాడు. బండి మీద చెయ్యి మాత్రం వేయలేదు, సలహాలకు కరువు లేదు.

రైలు పట్టాల వంతెన మొదట్లో పోలీసు ఆపాడు. సంగతి విని, ముందు బ్రేకు నొక్కి బండిని తోసి చూశాడు. అంగుళం కదల్లేదు. "బ్రేక్ తో బరాబర్ ఛే," బ్రేకు బాగానే ఉంది కదా అని గుజరాతీలో అన్నాడు. సోమలింగం దీపం చూపించాడు. పోలీసు ముఖం మారింది. మళ్లీ బ్రేకు నొక్కాడు, మళ్లీ దీపం చూశాడు. చివరికి దీపాన్నే నమ్మి, ఎక్కితే చలానా రాస్తానని హెచ్చరించి పంపాడు. దాంతో సోమలింగం అనుమానానికి సర్కారు ముద్ర కూడా పడింది.

వంతెన ఎక్కేసరికి రెండు మాస్కుల కింద ఊపిరి ఆడలేదు. జ్వరం పడి లేచిన ఒళ్లు. దిగేటప్పుడు బండి అతన్ని ముందుకు లాగింది. కిందికి వచ్చేదాకా బ్రేకు నొక్కి పట్టుకునే దిగాడు. అది చక్కగా పట్టింది. ఆ సంగతి అతనికీ తట్టలేదు, వెనక వచ్చే సలహాదారుకీ తట్టలేదు.

రింగ్ రోడ్ మార్కెట్లన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. ఒక్క మెకానిక్ షాపూ తెరవలేదు. సలాబత్‌పురా దాటాక ఉన్నట్టుండి దీపం ఆరింది. సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. "దారం అతికింది రా మల్లేషా," అని సీటెక్కి సెల్ఫ్ నొక్కాడు. చప్పుడు లేదు. మూలుగు కూడా లేదు. కొస ఊపిరితో ఉన్న బ్యాటరీని దారి పొడవునా దీపం పెట్టి తనే చంపాడని అతనికేం తెలుసు? దిగి మళ్లీ తోశాడు.

ఈలోగా సోమలింగం ఎక్కడున్నాడని ఆస్పత్రి నుంచి ఇంటికి ఫోన్ వచ్చింది. బండి బ్రేకులు ఫెయిలైనయ్, అందుకే లేటని భాగీరథి ఉన్నమాటే చెప్పింది. వార్డు ఆయా ఆ ఉన్నమాటే గంగవ్వకు చేరవేసింది. అటూ ఇటూ మంచాలు ఖాళీ కావడం చూసిన మనిషికి అంతకన్నా వివరం అక్కర్లేదు. కొడుకు లారీ కింద పడ్డాడని తేల్చుకుని, గోడ పట్టుకుని, ఏడ్చుకుంటూ గేటు దాకా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే సోమలింగం వచ్చాడు. ముఖం బూడిదరంగులో ఉంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, రొప్పుతున్నాడు. నర్సు పరుగున వచ్చి వేలికి ఆక్సిజన్ మీటరు తగిలించింది. ఎనభై ఆరు. "బ్రేకు... దీపం... ఆరిపోయింది..." అన్నాడు. ఆక్సిజన్ తగ్గితే ఇలాగే మతి తప్పుతుందని నర్సు పక్కవాళ్లకు చెప్పి, అతన్ని స్ట్రెచర్ మీదికి తోసి ముక్కుకు గొట్టాలు కట్టించింది. మంచం ఉందా అని డాక్టరు అడిగాడు. ఒకటి ఇప్పుడే ఖాళీ అయిందన్నారు.

ఏ మంచమో గంగవ్వకు ఒకరు చెప్పాలా? స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని వదల్లేదు. "వాణ్ని ఆ మంచంల పండవెట్టకుండ్రి. అది నాది. నేనే పంట. ఎన్ని రోజులైనా పంట. వాణ్ని ఇంటికి తోలుండ్రి." రాత్రంతా బయటపడాలని మొక్కుకున్న మనిషి ఇప్పుడు లోపలికి పోతానని బతిమాలుతుంటే సోమలింగం సిగ్గుతో స్ట్రెచర్ మీద నుంచి లేవబోయాడు. నర్సు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, ఆమె డిశ్చార్జి కాగితాల మీద సంతకం అయిపోయిందని చెప్పింది.

గేటుకు అడ్డంగా నిలిచిపోయిన బండిని చూసి అంబులెన్స్ డ్రైవర్ హారన్ మోగించాడు. కదలకపోతే దిగివచ్చి, మల్లేష్ చెప్పింది విని తల పట్టుకున్నాడు. బ్యాటరీ నీరసపడితే చక్రం జారకుండా కాసే ఏబీఎస్ ఒక్కటే చేతులెత్తేసి దీపం పెడుతుంది, మామూలు బ్రేకులు ఎప్పటిలాగే పనిచేస్తాయి, మెల్లగా తోలుకుంటూ వస్తే దారిలోనే చార్జయి అదే ఆరేది. ఇదంతా హిందీలో తిట్లతో కలిపి చెప్పి, అంబులెన్స్ బ్యాటరీకి తీగలు తగిలించి బండికి ప్రాణం పోశాడు. స్ట్రెచర్ మీద సోమలింగం ప్రతి మాటా విన్నాడు. 

"నేను పొద్దుగాల్నుంచి గదే చెప్తున్న," అన్నాడు మల్లేష్. గంగవ్వ చూసిన చూపుకు రెండు గజాల దూరం మరిచిపోయి ఆమెను వెనక ఎక్కించుకున్నాడు.

నీళ్లు తాగి, కునుకు తీశాక సోమలింగం అంకె తొంభై ఏడుకు వచ్చింది. అయినా రేపు డాక్టరు రౌండు అయ్యేదాకా కదలొద్దన్నారు. ఇటుపక్క మంచంలో ఒక ముసలాయన ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అటుపక్క దుప్పటి అసలు కదలడం లేదు. దీపాలు పెట్టే వేళకు గంగవ్వ ఫోన్ చేసింది.

"తిన్నవా కొడుకా? మల్లేష్ తోలుకొస్తుంటె గా లైటు రింగ్ రోడ్ మీదనే ఆరింది. బ్రేకులు మంచిగున్నయ్. రేపు మల్లేష్ బండి తీస్కొని వస్తడట. ఎక్కుతవా మరి, తోస్కుంటనే వస్తవా?"

సోమలింగం ఆలోచించి చెబుతానన్నాడు.